తాతయ్య నాటి రెండు గొట్టాల తుపాకి బందు దగ్గర వదులైపోయింది, సలహా చెప్పండి

ఉద్దానం_కొబ్బరి
జూలై 6, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది మందస మండలంలో ఒక ఊరు. మా ఇంట్లో తాతయ్య నాటి 12 బోరు రెండు గొట్టాల తుపాకి ఉంది. బయటకి హామర్లు కనిపించే పాత రకం. లైసెన్సు మొదట తాతయ్య పేరున ఉండేది, ఆయన పోయాక నాన్న పేరుకి మారింది, ఇప్పటికీ నడుస్తోంది. నాన్నకి 78 ఏళ్లు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి మా ఇంటి పైకప్పు లేచిపోయింది. తెల్లారేసరికి తోటలో కొబ్బరి చెట్లన్నీ పడుకుని ఉన్నాయి. నాన్న తోట వైపు చూడలేదు, తిన్నగా ట్రంకు పెట్టె దగ్గరకెళ్లి తుపాకి తీశారు. పెట్టెలో నీళ్లు. గొట్టాలు విడదీసి, ధోవతి చింపి తుడిచి, కొబ్బరి నూనె రాశారు. అప్పటినుంచి ఏడాదికి రెండు మూడుసార్లు అదే నూనె రాస్తూ వచ్చారు.

ఇప్పుడు సంగతేంటంటే, తుపాకి మూసి పట్టుకుని ఊపితే టకటకమని ఆడుతోంది. కిటికీ వైపు ఎత్తి చూస్తే గొట్టాల వెనక అంచుకీ, అవి ఆనుకునే ఇనప ముఖానికీ మధ్య సన్నటి వెలుతురు గీత కనిపిస్తోంది. కొన్నేళ్ల కిందట ఇదే ఇబ్బంది వస్తే ఒక పట్నంలో బాగుచేయించాం. ఆయన గంటలో ఇచ్చేశాడు. రెండు నెలలు గట్టిగా ఉంది, మళ్లీ మామూలే. ఇప్పుడు చూస్తే గొట్టాల కింద ఉండే ఇనప ముద్ద పక్కన సుత్తి దెబ్బల గుంటలు వరసగా ఉన్నాయి. అవి చూసి నాన్న రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

దాన్ని కాల్చాలన్న కోరిక మాకు లేదు. దసరాకి ఆయుధపూజలో పెట్టేటప్పుడు తాతయ్య చేతిలో ఎలా మూసుకునేదో అలా మూసుకోవాలి, అంతే. ఏం చేయించాలి? ఎవరి దగ్గర?

టెక్కలి_కుర్రాడు
జూలై 6, రాత్రి 9:52

అన్నా, దీనికంత కంగారేటి? కూల్‌డ్రింకు డబ్బా రేకు సన్నగా కత్తిరించి గొట్టాల కింద బందు తగిలే కొక్కెంలో పెట్టి మూసెయ్. బిగిసిపోతాది. యూట్యూబ్‌లో చాలామంది చేశారు.

నిర్వాహకుడు
జూలై 6, రాత్రి 10:20

అందరికీ ఒక మాట. ఈ వేదికలో తుపాకి గురించి మాట్లాడుకోవచ్చు, లైసెన్సున్న ఆయుధమైతేనే. రిపేరు మాత్రం లైసెన్సున్న మనిషే చెయ్యాలి. ఫొటోలు పెడితే నంబరు కనపడకుండా చూసుకోండి. ఎవరి దుకాణం పేరూ రాయకండి.

పాతతుపాకులు_విజయనగరం
జూలై 7, ఉదయం 6:05

ఉద్దానం బాబూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. నేను నలభై ఏళ్లు లైసెన్సున్న దుకాణంలో ఇలాంటి తుపాకుల మీదే పనిచేశాను. ఇప్పుడు చూపు ఆనడం లేదు, చేతులతో చెయ్యను, నోటితో చెప్పగలను.

ముందు మూడు పరీక్షలు చెయ్యండి. గొట్టాలు రెండూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా చూశాకే మొదలుపెట్టండి.

మొదటిది. ముందు చెక్క, అంటే గొట్టాల కింద ఎడమచెయ్యి పట్టుకునే చెక్క, ఊడదీసి తుపాకి మూసి ఊపండి. ఆ చెక్కలో స్ప్రింగు ఉంటుంది, అది గొట్టాల్ని వెనక్కి నెట్టి పట్టుకుంటుంది. చెక్క ఉండగా ఊపితే సగం జబ్బు దాగిపోతుంది. మీరు చెక్క ఉండగానే ఊపారా?

రెండోది. చెక్క తీసేసి, ఆ వెలుతురు గీతలో మామూలు జిరాక్సు కాగితం దూరుతుందేమో చూడండి. ఒకటి దూరుతుందా, రెండు దూరతాయా.

మూడోది. మూసినప్పుడు పైనున్న లివరు ఎక్కడ ఆగుతోంది? కొత్త తుపాకిలో నడిమధ్యకి కొంచెం కుడిపక్కన ఆగుతుంది. అరిగేకొద్దీ మధ్యకి, ఆ తర్వాత ఎడమకి జరుగుతుంది.

ఇంకోటి. కొబ్బరి నూనె ఇవాళే ఆపేయండి. చలికాలం గడ్డకడుతుంది, దుమ్ము కలిస్తే పేస్టు అవుతుంది. ఆ పేస్టు బందులో చేరి తెరిచినప్పుడల్లా ఆకురాయిలా రాస్తుంది. మీ తుపాకి అరగడానికి అదీ ఒక కారణం. కుట్టుమిషను నూనె చాలు, అదీ పలచగా.

టెక్కలి కుర్రాడికి: నాయనా, రేకు పెడితే బిగువు వస్తుంది, కాదనను. అది పది రోజుల ముచ్చట. మెత్తటి రేకు నలిగి ముక్కలై గాడిలో చేరుతుంది. అసలు ఎంత అరిగిందో కొలవడానికైతే పనికొస్తుంది గానీ మందు కాదు.

ఉద్దానం_కొబ్బరి
జూలై 7, రాత్రి 8:40

గురువుగారూ, చెప్పినట్టే చేశాను. నిన్న చెక్క ఉండగానే ఊపాను. ఇవాళ చెక్క తీసి ఊపితే భయమేసింది, టకటక కాదు, ముందుకీ వెనక్కీ కదులుతోంది. కాగితం ఒకటి సులువుగా దూరింది, రెండోది పట్టలేదు. లివరు మధ్యకి కొంచెం ఎడమ పక్కన ఆగుతోంది.

నాన్న పక్కనే కూర్చుని చూశారు. కొబ్బరి నూనె మాట చెబితే, "మంచిదనే రాశాన్రా" అన్నారు. ఆయన మొహం చూడలేకపోయాను.

చీపురుపల్లి_లేత్
జూలై 7, రాత్రి 9:31

జిరాక్సు కాగితం మందం ఇంచుమించు 0.1 మిల్లీమీటరు. ఒకటి దూరి రెండు పట్టలేదంటే సందు 0.1కీ 0.2కీ మధ్య ఉన్నట్టు. మీ ఊళ్లో ట్రాక్టరు మెకానిక్ దగ్గర వాల్వుల సందు చూసే ఫిల్లర్ గేజు ఉంటుంది. అది అడిగి తెచ్చుకుని కచ్చితంగా కొలవండి. కుడి గొట్టం దగ్గర, ఎడమ గొట్టం దగ్గర, పైన, కింద, నాలుగు చోట్లా. నాలుగూ ఒకేలా లేకపోతే అదీ రాయండి.

నేను లేత్ మీద పనిచేసేవాణ్ణి, తుపాకి మనిషిని కాను. కానీ అరుగుదల ఎక్కడైనా అరుగుదలే. తలుపు బందులు అరిగి కిందకి జారితే గడియ పట్టదు. అప్పుడు గడియని మార్చి బిగించేవాళ్లు ఉంటారు, తలుపు మాత్రం జారే ఉంటుంది. మీ దాంట్లో కూడా అరిగింది బందా, గడియా అన్నది తేల్చాలి.

పాతతుపాకులు_విజయనగరం
జూలై 8, ఉదయం 5:50

లేత్ గారు తలుపు పోలికతో అసలు విషయం పట్టుకున్నారు. దాన్నే కొంచెం విప్పి చెబుతాను, ఎందుకంటే చాలా తుపాకులు ఇక్కడే పాడైపోతాయి.

గొట్టాల కింద ఒక ఇనప ముద్ద ఉంటుంది, లంపు అంటాం. దాని ముందుభాగంలో అర్ధచంద్రంలా కొక్కెం కోసి ఉంటుంది. యాక్షన్, అంటే గొట్టాలు ఎక్కే ఇనప దిమ్మ, దాని ముందు చివర అడ్డంగా ఒక సీల ఉంటుంది. గొట్టాలు ఎక్కించినప్పుడు ఆ కొక్కెం వెళ్లి సీలకి వెనకవైపున ఆనుకుంటుంది. తుపాకి తెరిచినా మూసినా అంతా ఆ సీల చుట్టూనే తిరుగుతుంది. మూశాక ఆ సీలే గొట్టాల్ని ముందుకి పోనివ్వకుండా ఆపి, వెనక ముఖానికి అదిమి పెడుతుంది. కింద లోపల గడియ ఉంటుంది, లంపు గాడిలో దూరి గొట్టాలు పైకి లేవకుండా పట్టుకుంటుంది. అంటే సీల పని వేరు, గడియ పని వేరు.

సీల వెనక వైపో, కొక్కెం లోపలి వైపో అరిగితే గొట్టాలు ఆ మేరకి ముందుకి జరుగుతాయి. వెనక సందు పడుతుంది. మీకు కనిపించిన వెలుతురు గీత అదే. గడియ ఎంత గట్టిగా పట్టినా ఆ సందు పోదు. గడియని బిగిస్తే లివరు కుడిపక్కకి వస్తుంది, చేతికి గట్టిగా అనిపిస్తుంది, చూసినవాడు బాగైపోయిందనుకుంటాడు. ఇరుసు అరిగిన బండికి కడసీల మార్చినట్టు.

సందు ఎందుకు ప్రమాదమంటే, తూటా పేలినప్పుడు దాని వెనక రేకు ఆ ముఖానికి ఆనుకుని ఉండాలి. సందు ఉంటే తూటా వెనక్కి తన్నుకొస్తుంది, దాని వెనక మధ్యలో నిప్పు పుట్టించే క్యాపు ఉబ్బుతుంది, ఒక్కోసారి రేకు పగిలి వేడి గాలి కాల్చేవాడి కళ్లలోకి కొడుతుంది. గొట్టాలు కూడా ప్రతిసారీ ముందుకి వెళ్లి సీలని కొడతాయి, ఆ దెబ్బకి ఇంకా అరుగుతుంది. వదులు తుపాకి దానంతట అది వదులు పెంచుకుంటుంది.

మీకు ఆ పట్నంలో చేసిన పని పేరు చెప్పాలంటే దుర్మార్గం. లంపు పక్కల్ని సుత్తితో కొడితే లోహం సాగి కొక్కెం వైపు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు సీలకి తగిలి బిగువు వస్తుంది. ఆనుకునేది మాత్రం సన్నటి అంచు మీదే. కొన్నాళ్లకి ఆ అంచు అరిగిపోతుంది. మళ్లీ కొట్టడానికి లోహం ఉండదు. ఎవరు సుత్తి తీసినా తుపాకి వెనక్కి లాక్కుని వచ్చెయ్యండి.

సరైన దారులు రెండే. ఒకటి, పాత సీల తీసి, కన్నం కొంచెం పెద్దది చేసి, లావు సీల దింపి, దానికి సరిపడా కొక్కెం కూర్చడం. రెండు, కొక్కెంలో అరిగిన చోట కొత్త లోహం పెట్టి, ఆకురాయితో సరిచేయడం. కొన్ని తుపాకుల్లో సీల విడిగా ఉండదు, యాక్షన్‌తో కలిపే చేసేస్తారు. అప్పుడు రెండో దారే గతి.

ఇక గొట్టాల మీద గుర్తులు చూసి రాయండి బాబూ. గొట్టాలు విడదీసి కింద చదునుగా ఉండే చోట చిన్న ముద్రలుంటాయి.

బొబ్బిలి_పనస
జూలై 8, మధ్యాహ్నం 1:15

మాది గొల్లపల్లి, వీణలు చేసే ఇంటివాణ్ణి. తుపాకి గురించి తెలీదు గానీ చెక్క గురించి ఒక మాట చెప్పనివ్వండి.

ఆ తుపాకి వెనక చెక్క ఇనుముతో కలిసే చోట చూడండి. నల్లగా, వేలితో నొక్కితే మెత్తగా ఉందా? మా దగ్గరకి ఒకాయన చెక్క పగిలిందని అలాంటి తుపాకి కర్ర ఒకటి తెచ్చాడు, ఇనుము లేకుండా. ఏళ్ల తరబడి రాసిన నూనె అంతా ఇనుములోంచి దిగి చెక్క తలలో చేరిపోయింది. చెక్క రొట్టెలా అయింది. ఇనుము ఎంత గట్టిగా బిగించినా వెనక మెత్తగా ఉంటే ఆ దెబ్బకి చెక్క చీలుతుంది. దాచేటప్పుడు మూతి కిందకి పెట్టి నిలబెట్టండి, నూనె చెక్కలోకి దిగదు.

నూనె లాగడానికి మేం సుద్దపొడి వాడతాం. చెక్క మీద మందంగా అద్ది ఎండలో వేడెక్కనిస్తే పొడి నూనెని పీల్చి పచ్చగా అవుతుంది. దులిపి మళ్లీ అద్దాలి. తొందరపడితే కుదరదు, పది పన్నెండు సార్లు చెయ్యాలి.

ఉద్దానం_కొబ్బరి
జూలై 9, రాత్రి 9:05

పనస అన్నయ్యా, నల్లగానే ఉంది. మెత్తగా మాత్రం లేదు, గోరు దిగడం లేదు. రేపటినుంచి సుద్దపొడి మొదలుపెడతాను.

ఫిల్లర్ గేజు దొరికింది. నాలుగు చోట్లా 0.15 దూరింది, 0.20 ఎక్కడా దూరలేదు. కుడి గొట్టం వైపు 0.15 కొంచెం వదులుగా, ఎడమ వైపు బిగువుగా వెళ్లింది.

గుర్తులు: ఒక కోడిగుడ్డు ఆకారంలో ఈ, ఎల్, జీ అని మూడు అక్షరాలు, దాని మీద చిన్న కిరీటం. పక్కన మెట్ల మీద స్తంభంలాంటి బొమ్మ. 18.3 అని అంకె. గొట్టాల మీద తెల్లగా నల్లగా మెలికల గీతలు, పాము కుబుసంలా. తాతయ్య ఎప్పుడూ లండన్ తుపాకి అనేవారు.

పాతతుపాకులు_విజయనగరం
జూలై 10, ఉదయం 6:20

లండన్ కాదు బాబూ, బెల్జియంలోని లియేజ్ నగరం. ఆ గుడ్డు ముద్ర లియేజ్ పరీక్షాశాలది. కిరీటం 1893 నుంచి చేరింది, కాబట్టి మీ తుపాకి అంతకంటే పాతది కాదు. స్తంభం బొమ్మ ఆ ఊరి గుర్తు. 18.3 అంటే గొట్టం లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో. ఆ రోజుల్లో లియేజ్ నుంచి ప్రపంచమంతటికీ తుపాకులు వెళ్లాయి, మన దేశానికీ వచ్చాయి. నాన్నగారిని చిన్నబుచ్చుకోవద్దని చెప్పండి. ఆ మెలికల గొట్టాలు చేయడంలో లియేజ్ పక్కన వెస్డ్రె లోయ పనివాళ్లని మించినవాళ్లు లేరు.

ఆ మెలికల్నే డమాస్కస్ అంటారు. ఇనుము, ఉక్కు పట్టీలు కలిపి, పురి తిప్పి, కడ్డీ చుట్టూ చుట్టి, ఎర్రగా కాల్చి అతికిస్తారు. మన ఆడవాళ్లు జడ అల్లినట్టు. ఒక్కొక్క గొట్టంలో ఎన్నో అడుగుల అతుకు ఉంటుంది. లోపల ఎక్కడ తుప్పు తిన్నదో బయటికి తెలియదు, అందులోనూ మీది తుపాను నీళ్లలో నానింది.

ఇంకో గుర్తు ఉందా చూడండి. సింహం బొమ్మ, దాని కింద పీ, వీ అక్షరాలు. ఉంటే పొగలేని తుపాకిమందుతో పరీక్షించినట్టు. 1898 నుంచి ఆ ముద్ర వేశారు.

ఉద్దానం_కొబ్బరి
జూలై 10, సాయంత్రం 7:12

సింహం లేదు. భూతద్దం పెట్టి అంతా వెతికాం.

పాతతుపాకులు_విజయనగరం
జూలై 10, రాత్రి 8:30

అయితే అది పాతకాలపు నల్ల తుపాకిమందుకి చేసిన తుపాకి. కొత్త తూటాలు దానిలో పెట్టకూడదు. బాగుచేయించినా సరే, పెట్టకూడదు.

ఆ తరం తుపాకుల్లో తూటా కూర్చునే గది పొడవు చాలావాటికి 65 మిల్లీమీటర్లు. ఈనాటి తూటాలు ఎక్కువగా 70వి. ఇక్కడే చాలామంది మోసపోతారు. తూటా మీద రాసే 70 అన్నది పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి 65 గదిలో సుఖంగా దూరుతుంది. "దూరింది కదా" అని కాలుస్తారు. అప్పుడు మూతి విచ్చుకోడానికి చోటు లేక సన్నటి దారిలోకి తోసుకుపోతుంది, లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఈనాటి మామూలు 12 బోరు తూటాకి అనుమతించే ఒత్తిడే 740 బార్ దాకా ఉంటుంది. మీ గొట్టాలు దానికి చేసినవి కావు.

టెక్కలి_కుర్రాడు
జూలై 10, రాత్రి 9:02

గురువుగారూ, నాకిది తెలీదండి. మా పెదనాన్నకి ఇలాంటిదే ఉన్నాది, ఆయన ఏ తూటా దొరికితే అది పెడతాడు. రేపే వెళ్లి చెప్తాను.

వంశధార_వకీలు
జూలై 11, ఉదయం 10:40

శ్రీకాకుళం నుంచి. చట్టం సంగతి మూడు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే పాతది కదా అని చాలామంది పొరబడతారు.

1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్లో పురాతన ఆయుధాలకి మినహాయింపు ఉంది. కానీ అది ఏ రిపేరు చేసినా, చేయకపోయినా ఇక కాల్చడానికి పనికిరాని వాటికి. మీరు బాగుచేయించబోతున్నారంటేనే అది పనికొచ్చే తుపాకి అని అర్థం. లైసెన్సు ఉండి తీరాలి.

5వ సెక్షన్ ప్రకారం తుపాకి రిపేరు చేసే మనిషికి దానికి విడిగా లైసెన్సు ఉండాలి. మీ ఊరి కమ్మరి ఎంత నేర్పరి అయినా, లేత్ గారు ఎంత నిపుణులైనా, ముట్టుకోకూడదు. 2019 సవరణ తర్వాత శిక్షలు చాలా పెరిగాయి. లేత్ గారు నన్ను క్షమించాలి.

మూడోది మీకు ఉపయోగపడేది. లైసెన్సు మీ నాన్నగారిది, ఆయనకి 78. రిపేరుకి తీసుకెళ్లేది మీరు. 3వ సెక్షన్లోనే దీనికి వెసులుబాటు ఉంది. లైసెన్సుదారు రాతపూర్వకంగా అధికారమిస్తే, లైసెన్సు లేని మనిషి కూడా రిపేరు కోసం ఆ తుపాకి మోసుకెళ్లవచ్చు. నాన్నగారి చేత ఉత్తరం రాయించి సంతకం పెట్టించండి. అందులో తుపాకి వివరాలు, నంబరు, ఏ దుకాణానికి, ఏ తేదీన అన్నీ ఉండాలి. లైసెన్సు పుస్తకం వెంట ఉంచుకోండి. గొట్టాలు విడదీసి సంచిలో పెట్టండి, తూటా ఒక్కటి కూడా వెంట ఉండకూడదు. దుకాణంలో వదిలి వచ్చేటప్పుడు రసీదు తప్పకుండా తీసుకోండి.

చీపురుపల్లి_లేత్
జూలై 11, ఉదయం 11:25

క్షమించడానికేముంది వకీలు గారూ, మీరు చెప్పకపోతే నేనే ఆ సీల లేత్ మీద చేసి ఇస్తానని రాసేవాణ్ణి. నిజంగా నిన్న రాత్రి ఆ ఆలోచనే వచ్చింది.

ఉద్దానం గారూ, చేసేవాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. సీల వ్యాసం ఎంత పెంచితే గొట్టాలు అంత వెనక్కి రావు, సగమే వస్తాయి. 0.15 వెనక్కి రావాలంటే సీల కనీసం 0.30 లావెక్కాలి. పైగా పాత కొక్కెం గుండ్రంగా లేదు, దాన్ని సరిచేస్తే ఇంకొంత పోతుంది. కాబట్టి ఇంకా లావుదే పెట్టాలి. ఆయన ఈ లెక్క ఆయనే చెబితే మంచి పనివాడని నమ్మండి.

వెల్డింగు మాట వస్తే వేడి గురించి అడగండి. గొట్టాల మధ్య పట్టీలు సీసం కలిపిన టంకంతో అతికి ఉంటాయి, 200 డిగ్రీలు దాటితే చాలు కరిగిపోతుంది.

పాతతుపాకులు_విజయనగరం
జూలై 11, సాయంత్రం 5:10

పట్టీల మాట వచ్చింది కాబట్టి ఈ పరీక్ష కూడా ఇంట్లోనే చేసుకోండి. గొట్టాలు విడిగా తీసి, కొక్కెంలోంచి దారం వేసి వేలాడదీయండి. చెక్క గరిటతో మెల్లగా తట్టండి. గంటలా మోగి కాసేపు నిలవాలి. పగిలిన కుండలా మోగితే పట్టీ ఎక్కడో ఊడింది. ఊడిన పట్టీ కింద నీరు చేరి తుప్పు పడుతుంది.

ఉద్దానం_కొబ్బరి
జూలై 12, రాత్రి 8:15

గురువుగారూ, దిగులుగా ఉంది. తట్టితే డబ్‌మని ఆగిపోయింది.

పాతతుపాకులు_విజయనగరం
జూలై 12, రాత్రి 8:21

ఆగండి. వెనక చివర తూటాని పైకి లేపే ముక్క, ఎక్స్‌ట్రాక్టరు, తీశారా? అది వదులుగా ఉంటుంది, మోతని మింగేస్తుంది. తీయడం చేతకాకపోతే దాన్ని వేలితో గట్టిగా నొక్కిపట్టి తట్టండి.

ఉద్దానం_కొబ్బరి
జూలై 12, రాత్రి 8:47

మోగింది! మా ఊరి రాములవారి గుళ్లో చిన్నగంట మోగినట్టు. వంటింట్లోంచి మా అమ్మ వచ్చి ఏమిటా అని చూసింది. నాన్న మళ్లీ తట్టమన్నారు, మళ్లీ తట్టమన్నారు. ఆరేడు సార్లు తట్టాం.

నిర్వాహకుడు
జూలై 13, ఉదయం 7:30

ఇంకో మాట కూడా ఇక్కడే. ఉద్దానంలో జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వస్తున్నాయని, తుపాకి ఉంటే ధైర్యమని కొందరు నాకు విడిగా రాశారు. ఎలుగుబంటికి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. దాని మీద తుపాకి ఎత్తే ఆలోచన చెయ్యొద్దు, అటవీ శాఖకి ఫోను చెయ్యండి. ఈ చర్చ ఆ తుపాకి బందు గురించే సాగనివ్వండి.

ఉద్దానం_కొబ్బరి
సెప్టెంబరు 21, రాత్రి 10:03

అందరికీ ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. పని అయింది. ఎలా అయిందో పూర్తిగా రాస్తాను, మీ అందరికీ రుణపడి ఉన్నాను.

విశాఖలో లైసెన్సున్న మనిషి దొరికారు. నాన్న ఉత్తరం తనే రాశారు, చెయ్యి వణుకుతున్నా నన్ను రాయనివ్వలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన తుపాకి మూసి ఊపకుండానే ముందు చెక్క ఊడదీశారు. అప్పుడే నాకు సగం ధైర్యం వచ్చింది. సుత్తి గుంటలు చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది చేసినవాడు లోహాన్ని దొంగిలించాడు" అన్నారు.

మా దాంట్లో సీల విడిగా చేసిందే. కానీ దాని తల మీద కూడా పక్కనున్న పువ్వుల చెక్కడం కొనసాగింది, అందుకే సీల ఎక్కడుందో మాకు ఇన్నాళ్లూ కనపడలేదు. ఆయన భూతద్దంలో చూపిస్తే రేకుల మధ్యలో వెంట్రుక లాంటి గుండ్రటి గీత కనిపించింది. సీల బయటికి తీశాక నా చేతిలో పెట్టారు. వెనక వైపు బొటనవేలు పెట్టి జరిపితే మెట్టు తగిలింది. అంత చిన్న మెట్టుకి అంత చప్పుడు.

లేత్ గారూ, మీరు చెప్పిన లెక్క ఆయన నేను అడగకుండానే చెప్పారు. కొత్త సీల 0.5 లావు చేశారు. 0.25 వెనక్కి నెడుతుంది, అందులో 0.15 సందు మూయడానికి, మిగతాది కొక్కెం సరిచేయడానికి. వెల్డింగు ఎక్కడా పెట్టలేదు.

కూర్చడం నేను పక్కన కూర్చుని చూశాను. అది చూడటానికే మూడోసారి వెళ్లాను. కిరోసిన్ బుడ్డి వెలిగించి, ఒత్తి పెద్దది చేసి, ఆ పొగ మసిని యాక్షన్ ముఖానికి పట్టించారు. నల్లగా, కాటుకలా పట్టింది. మెల్లగా గొట్టాలు మూసి తెరిచారు. మసి గొట్టాల వెనక అంచుకి అంటిన చోటే తగులుతున్నట్టు. మొదటిసారి కుడి గొట్టం పైన గోరంత మేర మాత్రమే అంటింది. కొక్కెం లోపల సన్న ఆకురాయితో రెండే రెండు పట్లు లాగి, తుడిచి, మళ్లీ మసి పట్టించారు. మళ్లీ మూశారు. ముఖాన్ని గానీ గొట్టాల అంచుని గానీ ఆకురాయితో ముట్టనే లేదు. ఎందుకని అడిగితే, అక్కడ తీసిన లోహం మళ్లీ రాదన్నారు. ముప్పై సార్లు దాకా లెక్కపెట్టి తర్వాత మానేశాను. మధ్యాహ్నం మూడు దాటాక రెండు గొట్టాల చుట్టూ నిండా రెండు నల్లటి వలయాలు పడ్డాయి. పక్కపక్కన రెండు చందమామల్లా.

గొట్టాలు వెనక్కి వచ్చేసరికి లోపలి గడియ గాడిలోకి పూర్తిగా దూరలేదు. అది చివర్లో చూశారు, గాడి కొంచెం సరిచేశారు. గురువుగారు చెప్పిన వరసే, ముందు సీల, ఆ తర్వాతే గడియ. లివరు ఇప్పుడు మధ్యకి కుడిపక్కన ఆగుతోంది. సుత్తి గుంటలు అలాగే వదిలేశారు. వాటిని నునుపు చేస్తే ఇంకా లోహం పోతుందట.

ఇంటికొచ్చాక ఫిల్లర్ గేజులో 0.05 పలక పెట్టి చూశాను, ఎక్కడా దూరలేదు. నల్ల తుపాకిమందుదని, కొత్త తూటా వద్దని ఆయనా చెప్పారు. నాన్న అట్టముక్క మీద తనే రాసి దారంతో ట్రిగ్గరు దగ్గర కట్టారు.

బొబ్బిలి_పనస
సెప్టెంబరు 22, ఉదయం 9:10

చాలా సంతోషం తమ్ముడూ. సుద్దపొడి ఎన్నిసార్లు అయింది?

ఉద్దానం_కొబ్బరి
సెప్టెంబరు 22, ఉదయం 9:44

పద్నాలుగు. చివరి రెండుసార్లు పొడి తెల్లగానే ఉంది అన్నయ్యా. కొబ్బరి నూనె వాసన కూడా పోయింది.

పాతతుపాకులు_విజయనగరం
సెప్టెంబరు 22, మధ్యాహ్నం 12:30

0.05 దూరలేదన్నారే, ఆ మాట రెండుసార్లు చదివించుకున్నాను. ఆ పనివాడికి నా నమస్కారం చెప్పండి.

సీల మీద చిటికెడు గ్రీజు రాయండి, నూనె కాదు. తెరిచినప్పుడు గొట్టాల్ని బరువుతో వదిలేయకండి, చేత్తో పట్టి దించండి. మూసేటప్పుడు ఠాప్‌మని కొట్టొద్దు, బొటనవేలితో లివరు పక్కకి పట్టుకుని మూసి, ఆ తర్వాత లివరు వదలండి. పాత సీల పారేయకండి. తుపాకితోపాటే ఉంచండి, రేపు ఎవరైనా చేతిలోకి తీసుకుంటే ఏం చేశారో వాళ్లకి తెలుస్తుంది.

రాజాం_ఆడపడుచు
సెప్టెంబరు 24, రాత్రి 9:20

మొదటినుంచీ చదివాను. మా నాన్నగారు పోయి ఏడాది. ఆయన రెండు గొట్టాల తుపాకి లైసెన్సున్న దుకాణంలో జమ చేసి ఉంచాం. లైసెన్సు నా పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టాను, తమ్ముళ్లు ఒప్పుకుని సంతకాలు పెట్టారు. మొన్న చూడ్డానికి వెళ్తే అది కూడా టకటకమంటోంది. బాగుచేసి ఉంచమంటారా అని దుకాణం ఆయన అడిగారు. లైసెన్సు చేతికి రాకముందే చేయించొచ్చా వకీలు గారూ? గురువుగారూ, ఆయన్ని నేను ముందు ఏం అడగాలి?

వంశధార_వకీలు
సెప్టెంబరు 25, ఉదయం 8:05

అమ్మా, లైసెన్సు మీ పేరున వచ్చేదాకా ఆగండి. అప్పటిదాకా జమ రసీదు భద్రంగా ఉంచుకోండి. మీ దగ్గర ఇంకా రెండు ఆయుధాలు లేవు కదా? 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండుకి మించి ఉండకూడదు.

పాతతుపాకులు_విజయనగరం
సెప్టెంబరు 25, ఉదయం 8:50

తల్లీ, వకీలు గారి మాట వినండి, తుపాకి ఎక్కడికీ పోదు. ఈసారి వెళ్లినప్పుడు ముందు చెక్క ఊడదీసి మీ ఎదురుగా ఊపి చూపించమనండి. కాగితం పెట్టి చూడమనండి. గుడ్డు ముద్ర ఉందో, ఇంకేదైనా ఉందో ఫొటో తీసుకుని ఇక్కడ పెట్టండి, నంబరు మూసి. "దీన్ని ఎలా బిగిస్తారు" అని ఒక్క మాట అడగండి. ఆయన నోట సుత్తి మాట వస్తుందో, మసి మాట వస్తుందో విని వచ్చి రాయండి.